పైపూత: ఒక చరిత్ర

విమర్శకులుగా మనకు కొన్ని తిట్లు అలవాటైపోయాయి. వాటిలో ‘పైపూత’ ఒకటి. కవితలో వస్తువు పలచగా ఉండి మాటలు మెరుస్తుంటే ‘ఇదంతా పైపూత’ అంటాం. నవలలో అభ్యుదయం పాత్రల జీవితంలోంచి రాకుండా రచయిత నోట్లోంచి మాత్రమే వస్తే ‘పైపూత అభ్యుదయం’ అంటాం. ఈ మాటను ధారాళంగా వాడినవాళ్లలో నేనూ ఒకణ్ణి. ఈమధ్య నా పాత సమీక్షలన్నీ ఒకచోట చేర్చి చూసుకుంటే ఆ మాట పదకొండు చోట్ల కనబడింది. పదకొండు చోట్లా ఒకే అర్థం: పైన ఉన్నది అబద్ధం, లోపల ఉన్నదే నిజం.

నిజానికి పూత అనేది పనివాళ్ల మాట. లోహంతో బతికేవాళ్ల మాట. దాన్ని తెచ్చి సాహిత్యంలో తిట్టుగా కూర్చోబెట్టే ముందు, ఆ పనిలో పూత అంటే ఏమిటో తెలుసుకోవలసిన బాధ్యత మనకు ఉంది. నేను తెలుగు ఎం.ఏ. చదివిన బడిపంతుల్ని, లోహశాస్త్రజ్ఞుణ్ణి కాను. అయినా మా బడిలో సైన్సు చెప్పే మిత్రుల సాయంతో, హైదరాబాదులో పరిశోధన చేస్తున్న ఒక పాత విద్యార్థి ఓపికతో కొంత తెలుసుకున్నాను. తెలుసుకున్నకొద్దీ నా పదకొండు వాక్యాల మీద నాకే అనుమానం పుట్టింది.

మాది మార్కాపురం. గనిలోంచి తీసిన రాయిని ఉలితో పొరలు పొరలుగా చీల్చి పలకలు చేసే ఊరు. పొర అనే మాట మా ఊరి పిల్లలకు బడికంటే ముందే తెలుసు. 1980ల చివర్లో, నేను ఆ పలకల మీద అక్షరాలు దిద్దుకునే రోజుల్లో, ఏడాదికి రెండుసార్లు మా వీధికి కళాయి సాయిబు వచ్చేవాడు. వేపచెట్టు కింద చిన్న గుంట తవ్వి, బొగ్గులు పోసి, తోలుతిత్తి గొట్టం అందులోకి దూర్చేవాడు. వీధిలోని ఇత్తడి గిన్నెలు, గంగాళాలు, డేగిశాలు అన్నీ అక్కడికి చేరేవి. ఇత్తడి గిన్నెలో పులుసు కాస్తే కిలుమెక్కుతుంది, తింటే కడుపులో తిప్పుతుంది. అందుకని లోపలివైపు తగరం పూయించేవాళ్లు.

ఒకసారి మా అమ్మ చింతపండుతో తళతళ తోమిన గిన్నె తెచ్చి, ‘ఇది శుభ్రంగానే ఉంది సాయిబూ, నేరుగా పుయ్యి’ అంది. ఆయన గిన్నెను వెలుగుకు పట్టి చూసి, ‘కంటికి శుభ్రమేనమ్మా, తగరానికి కాదు. ఈ మసక పోవాల. మసక మీద తగరం అంటదు’ అన్నాడు. నాకు మసక ఎక్కడా కనబడలేదు. గిన్నె అద్దంలా ఉంది. ఆయన దాన్ని పొయ్యి మీద తిప్పితిప్పి కాల్చి, నవసాగరం పొడి చిటికెడు చల్లాడు. గుప్పున తెల్లటి పొగ లేచింది. అందరం దగ్గుతూ వెనక్కి జరిగాం, ఆయన మాత్రం జరగలేదు. వెంటనే తగరపు కడ్డీని గిన్నెకు తాకించి, దూది ముద్దతో ఒక్క చుట్టు తిప్పాడు. పసుపు గిన్నె లోపల వెన్నెల పరుచుకున్నట్టు తెల్లబడింది. ఆ తిప్పడానికి పట్టింది నాలుగైదు క్షణాలు. అంతకుమించి ఆలస్యమైతే తగరం ముద్దకడుతుంది, తొందరపడితే అంటుకోదు.

ఆయన మసక అన్నది దేన్నో ముప్పై ఏళ్ల తర్వాతగాని నాకు అర్థం కాలేదు. గాలి తగిలే ఏ లోహమైనా (బంగారం వంటి ఒకటి రెండు తప్ప) గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి తన మీద తనే ఒక పలచటి పొర కట్టుకుంటుంది. ఎంత తోమినా అది క్షణాల్లో మళ్లీ పుడుతుంది. తగరం 232 డిగ్రీల దగ్గర కరిగి సిద్ధంగా ఉన్నా, మధ్యలో ఈ పొర ఉన్నంతసేపు ఇత్తడిని ముట్టుకోలేదు. నవసాగరం వేడికి విడిపోయి అమోనియాగా, హైడ్రోక్లోరిక్ ఆమ్లపు ఆవిరిగా మారుతుంది. ఆ ఆవిరి పొరను తినేస్తుంది. మళ్లీ పొర పుట్టేలోగా తగరం పడాలి. సాయిబు దూది ముద్ద అంత వేగంగా తిరిగింది అందుకే. కంటికి కనబడని పొర ఒకటుందనీ, దేనితో పోతుందనీ, ఎంతసేపట్లో తిరిగొస్తుందనీ ఆయనకు కచ్చితంగా తెలుసు. దాని పేరు, కొలత తెలియవు. ఈ రెండు రకాల తెలివిడికి మధ్య ఉన్న దూరమే నేను చెప్పదలచుకున్న చరిత్ర.

ఈ దూరాన్ని ముందు కొలవబోయింది కమ్మరి కొలిమి దగ్గర. గొడ్డలికి పాయనం పట్టేటప్పుడు కమ్మరి ఏం చేస్తాడో చూసినవాళ్లకు తెలుసు. ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచిన ఉక్కు గాజులా పెళుసు. దాన్ని మళ్లీ మెల్లగా వేడిచేస్తే అంచు మీద రంగులు నడిచి వస్తాయి: ముందు ఎండుగడ్డి రంగు, తర్వాత గోధుమ, ఊదా, ఆ తర్వాత నీలం. ఏ పనిముట్టుకు ఏ రంగు దగ్గర ఆపాలో కమ్మరి నోటికి పాఠం. ఆ రంగులు ఉక్కువి కావు. ఉక్కు మీద పెరుగుతున్న ఆక్సైడు పొరవి. పొర పైముఖం నుంచీ అడుగుముఖం నుంచీ తిరిగొచ్చే వెలుగులు ఒకదానితో ఒకటి కలిసి, కొట్టుకుని, పొర మందాన్ని బట్టి ఒక్కో రంగు చూపిస్తాయి. సబ్బు బుడగ రంగులకూ ఇదే కారణం. అంటే ఉష్ణమాపకం లేని కమ్మరి మిల్లీమీటరులో పది వేలో వంతుకు లోబడిన పొర మందాన్ని రంగు చూసి చదివేవాడన్న మాట. 1665లో రాబర్ట్ హుక్ తన ‘మైక్రోగ్రాఫియా’లో పలచటి పొరల రంగుల గురించి రాస్తూ ఈ ఉక్కు రంగుల్నీ చర్చించాడు. సూక్ష్మదర్శిని చూపిన లోకాన్ని పరిచయం చేసిన ఆ పుస్తకానికి కమ్మరి పని కూడా ఒక ముడిసరుకే. హుక్ ఆ అప్పును దాచలేదు. తర్వాత చరిత్ర రాసినవాళ్లలో చాలామంది దాచారు.

ఇక్కడ మన తెలుగు ఉక్కు కథలోకి వస్తుంది. నిజామాబాద్ జిల్లా కోనసముద్రం పేరు సాహిత్య విద్యార్థులు విని ఉండకపోవచ్చు. అక్కడి మూసల్లో కరిగిన ఉక్కు దిమ్మలు పర్షియా దాకా వెళ్లేవి. 19వ శతాబ్దం తొలి పాదంలో భూకొలతల దళంతో తిరిగిన వైద్యుడు, భూగర్భ పరిశీలకుడు హెన్రీ వాయిసీ ఆ పనిని కళ్లారా చూసి రాసిపెట్టాడు. ఆ రాత 1832లో అచ్చయింది. రెండు రకాల ఇనుము కలిపి మూసలో మూసి, రాత్రీపగలూ కాల్చి, మెల్లగా చల్లార్చే ఆ పద్ధతిని ఆయన శ్రద్ధగానే వివరించాడు. సరుకు కొనడానికి ఇస్ఫహాన్ నుంచి వచ్చిన వర్తకుణ్ణీ గుర్తుపెట్టుకున్నాడు. మూస కట్టినవాళ్లు, తిత్తి ఊదినవాళ్లు మాత్రం ‘స్థానిక పనివాళ్లు’గానే మిగిలారు.

ఈ దక్షిణాది ఉక్కు ‘వూట్జ్’ అనే పేరుతో ఇంగ్లండు చేరింది. మన ‘ఉక్కు’ అన్న మాటే నాలుక తిరగక అలా అయిందని పండితుల్లో ఎక్కువమంది అభిప్రాయం. 1790లలో బొంబాయి నుంచి నమూనాలు లండన్ రాయల్ సొసైటీకి వెళ్లాయి. 1795లో జార్జి పియర్సన్ వాటి మీద పత్రం చదివాడు. ఆ తర్వాత 1819లో అదే ఉక్కు మైకేల్ ఫారడే చేతికొచ్చింది. ఫారడే కమ్మరి కొడుకు. చదువు కొనుక్కునే స్తోమత లేక పుస్తకాలు కుట్టే దుకాణంలో పనికి కుదిరి, కుట్టిన పుస్తకాలే చదువుకుని పైకొచ్చినవాడు. కత్తుల తయారీదారు జేమ్స్ స్టోడార్ట్‌తో కలిసి వూట్జ్‌ను విశ్లేషించి, దాని గొప్పతనం అందులో ఉన్న కాస్త అల్యూమినియం వల్ల వచ్చిందనుకున్నాడు. అది పొరపాటు. కాని ఆ పొరపాటు దారిలోనే మిశ్రమ ఉక్కుల పరిశోధన మొదలైంది.

ఫారడే ఇనుమును మళ్లీ పట్టుకున్నది 1836లో. బాసెల్ నుంచి షోన్‌బైన్ ఒక చిత్రమైన సంగతి రాశాడు. ఇనుమును నీళ్లు కలిపిన నత్రికామ్లంలో వేస్తే బుసబుస పొంగి కరిగిపోతుంది. గాఢమైన ఆమ్లంలో వేస్తే కదలదు, మెదలదు. ఒకసారి గాఢామ్లంలో ముంచి తీస్తే ఆ తర్వాత పలచటి ఆమ్లంలో వేసినా కాసేపు మొండికేస్తుంది. దీన్ని 1790లోనే జేమ్స్ కీర్ గమనించాడు. షోన్‌బైన్ ఈ స్థితికి ‘నిష్క్రియ’ ఇనుమని పేరు పెట్టాడు. ఫారడే సమాధానం సూటిగా ఉంది: ఇనుము పైముఖం ఆక్సిజన్‌తో కలిసిపోయింది, లేదా అలా కలిసినదానితో సమానమైన స్థితిలో ఉంది. అంటే పొర. కాని ఇనుము మెరుస్తూనే ఉంది, పొర ఎవరికీ కనబడదు. కనబడనిది ఉందని ఎలా ఒప్పుకోవడం? ఈ వాదం తొంభై ఏళ్లు నడిచింది. పొర ఉందన్నవాళ్లు ఒక పక్క, లోహం లోపలి స్వభావమే మారిందన్నవాళ్లు ఇంకో పక్క. మన వస్తువు–రూపం వాదాలు జ్ఞాపకం వస్తే తప్పు నాది కాదు.

వాదాన్ని తెంచింది మాట కాదు, చేతిపని. 1927లో కేంబ్రిడ్జిలో యూలిక్ ఎవాన్స్ లోహాన్ని పొర కిందినుంచి మెల్లగా కరిగించి, పొరను మాత్రం మిగిల్చాడు. ఇన్నాళ్లూ ‘లేదు’ అనిపించుకున్నది పారదర్శకమైన రేకులుగా విడివడి బయటికొచ్చింది. లోహం మీద ఉన్నంతసేపు కనబడలేదు, లోహం పోయాక కనబడింది.

అయితే ఉందని తెలియడం వేరు, దాని కట్టుబాటు చూడడం వేరు. ఇక్కడ వెలుగు చేతులెత్తేసింది. 1873లో ఎర్నస్ట్ అబ్బె తేల్చిన లెక్క ప్రకారం, ఎంత గొప్ప కటకాలు పెట్టినా మామూలు వెలుగుతో దాదాపు 200 నానోమీటర్లకంటే దగ్గరగా ఉన్న రెండు చుక్కల్ని విడదీసి చూడలేం. నానోమీటరంటే మిల్లీమీటరులో పది లక్షో వంతు. స్టీలు గ్లాసు మీది పొర మందం ఒకటి నుంచి మూడు నానోమీటర్లు. చేపల వలతో దోమను పట్టబోయినట్టే. వెలుగు అలకంటే చాలా చిన్న అల కావాలి.

ఆ చిన్న అల దొరికిన తీరు నాకు ఈ చరిత్ర మొత్తంలో చాలా ఇష్టమైన ఘట్టం. 1925 ఫిబ్రవరిలో న్యూయార్కులో క్లింటన్ డేవిసన్, లెస్టర్ జెర్మర్ అనే ఇద్దరు నికెల్ ముక్క మీదికి ఎలక్ట్రాన్లను విసురుతూ అవి ఎలా తిరిగొస్తున్నాయో చూస్తున్నారు. ప్రయోగశాలలో ద్రవగాలి సీసా పేలి గాజు గొట్టం పగిలింది. గాలి లోపలికి జొరబడి, వేడిగా ఉన్న నికెల్ మీద మసక కమ్మేసింది. మా సాయిబు మసకే. దాన్ని పోగొట్టడానికి వాళ్లు నికెల్‌ను చాలాసేపు గట్టిగా కాల్చారు. పొర పోయింది, కాని ఆ కాలడంలో లోపలి చిన్న చిన్న స్ఫటికాలు కలిసి కొద్దిపాటి పెద్ద స్ఫటికాలయ్యాయి. ఆ తర్వాత ఎలక్ట్రాన్లు తిరిగొచ్చే తీరే మారిపోయింది. కొన్ని దిక్కుల్లో ఎక్కువ, కొన్ని దిక్కుల్లో తక్కువ. 1927 నాటికి వాళ్లకు అర్థమైంది: ఎలక్ట్రాన్ రేణువే కాదు, అల కూడా. ఫ్రాన్సులో లూయీ ద బ్రోయ్ 1924లో ఊహించింది నిజమైంది. అదే ఏడాది స్కాట్లాండులో జి.పి.థామ్సన్ పలచటి రేకుల గుండా ఎలక్ట్రాన్లను పంపి అదే రుజువు చేశాడు. ఎలక్ట్రాన్‌ను రేణువుగా కనిపెట్టిన జె.జె.థామ్సన్‌కు ఈయన కొడుకు. తండ్రికి 1906లో నోబెల్ వస్తే, తండ్రి మాటకు రెండో సగం చేర్చిన కొడుకు 1937లో డేవిసన్‌తో కలిసి పంచుకున్నాడు. ఇద్దరూ ఒప్పే. గతితర్కానికి ఇంతకంటే ముచ్చటైన ఉదాహరణ పాఠ్యపుస్తకాల్లో దొరకదు.

ఎలక్ట్రాన్ అల ఎంత చిన్నదంటే, లక్ష వోల్టుల ఒత్తిడితో తోస్తే దాని పొడవు నానోమీటరులో వెయ్యింటికి నాలుగు వంతులకు కాస్త లోపే. గాజు కటకం దాన్ని వంచలేదు, అయస్కాంతపు చుట్ట వంచగలదు. 1931లో బెర్లిన్‌లో ఎర్నస్ట్ రుస్కా, మాక్స్ నోల్ అలాంటి చుట్టలతో తొలి ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని నిలబెట్టారు. 1933కల్లా రుస్కా యంత్రం వెలుగు సూక్ష్మదర్శినిని దాటిపోయింది. ఆయనకు నోబెల్ మాత్రం 1986లో వచ్చింది. అప్పటికి నోల్ చనిపోయి పదిహేడేళ్లు. మన దేశంలో 1940లలో కలకత్తాలో ఎన్.ఎన్.దాస్‌గుప్తా తన బృందంతో ఇలాంటి యంత్రాన్ని స్వయంగా కట్టుకున్నాడు.

కాని లోహాలవాళ్లకు ఒక చిక్కు వచ్చిపడింది. ఎలక్ట్రాన్లు లోహపు దిమ్మలోంచి దూరిపోలేవు. నూరు నానోమీటర్ల పలచదనం ఉంటేనే అవతలికి పోతాయి. అంత పలచగా లోహాన్ని కోయడం అప్పటికి చేతకాదు. 1940లో జర్మనీలో హాన్స్ మాల్ ఎవాన్స్ దారినే తిరగేసి వాడుకున్నాడు. అల్యూమినియం మీద ఆక్సైడు పొర పెంచి, లోహాన్ని కరిగించేసి, పొరను మాత్రం యంత్రంలో పెట్టాడు. లోహం ముఖం మీది ప్రతి గీత, ప్రతి మెట్టు ఆ పొరలో అచ్చుపడి ఉంది. ఇది గమనించదగ్గ సంగతి. లోహాన్ని గురించి సాక్ష్యం చెప్పింది లోహం కాదు, దాని పైపూత. కొన్నేళ్లపాటు లోహశాస్త్రం లోపలి సంగతుల్ని పొరల అచ్చుల్లోనే చదువుకుంది. తర్వాత లోహాన్నే పలచగా చేసే పద్ధతులు వచ్చాయి. దిమ్మను కోయకుండానే పైముఖాన్ని ఎలక్ట్రాన్లతో తడిమి చూసే యంత్రం 1965 నుంచి బజారులోకి వచ్చింది.

సాహిత్య విద్యార్థులకు దగ్గరి ఉదాహరణ ఒకటి చెబుతాను. తాళ్లపాక కవుల సంకీర్తనలు రెండు వేలకు పైబడిన రాగిరేకుల మీద చెక్కి, తిరుమల సంకీర్తన భండారంలో శతాబ్దాల పాటు ఉండిపోయాయి. 20వ శతాబ్దంలో అవి బయటపడి అచ్చయ్యాయి గనుకనే ఇవాళ అన్నమయ్య మీద మనం పరిశోధనలు చేస్తున్నాం. అన్నేళ్లు రాగి ఎలా నిలిచింది? రాగి తన మీద ముందు ఎర్రటి ఆక్సైడు పొర కట్టుకుంటుంది. ఆ పొర అడ్డుపడి లోపలి రాగిని గాలికి అందకుండా చేస్తుంది. రేకు కొత్తగా మెరవాలని ఆమ్లం పోసి తోమితే మసకతోపాటు సన్నగీత అక్షరమూ పోతుంది. ఎందుకంటే చెక్కినవాడి ఉలి తాకిన అసలు ముఖం చాలాసార్లు ఆ మసకలోనే మిగిలి ఉంటుంది. తామ్రశాసనాల్ని కాపాడేవాళ్లు అందుకే తోమడానికి తొందరపడరు. మన పదకవిత అంతటికీ ఒక ఆక్సైడు పొర కాపలా కాసిందంటే అతిశయోక్తి అనుకోను.

ఇప్పుడు కళాయి సాయిబు దగ్గరికి తిరిగి రావాలి. ఆయన రావడం ఎప్పుడు మానేశాడో మా వీధిలో ఎవరికీ గుర్తులేదు. వచ్చినవాడిని గుర్తుంచుకుంటాం గాని, రాకుండాపోయిన రోజును ఎవరు రాసుకుంటారు? కారణం మాత్రం తెలుసు: స్టీలు సామాను. 1913లో షెఫీల్డ్‌లో హారీ బ్రియర్లీ తుపాకీ గొట్టాలు అరగకుండా ఉండే ఉక్కు కోసం వెతుకుతూ 13 శాతానికి దగ్గరగా క్రోమియం కలిపాడు. సూక్ష్మదర్శినిలో చూడడానికి ముక్కను ఆమ్లంతో కొరికించాలి. ఆమ్లం దాన్ని కొరకలేదు. ఉక్కు కరిగించే కార్మికుడి కొడుకు, పన్నెండేళ్లకే కర్మాగారంలో చేరినవాడు బ్రియర్లీ. విఫలమైన ఆ నమూనా విలువ ఆయనకు తట్టింది. జర్మనీలోనూ అదే కాలంలో ఇలాంటి ఉక్కు పుట్టింది. అందులోని క్రోమియం గాలి తగిలిన క్షణంలో తనమీద తాను పొర కట్టుకుంటుంది. గీరితే మళ్లీ కట్టుకుంటుంది. ఒక్క మాటలో, తనకు తానే కళాయి పూసుకునే గిన్నె. అలాంటి గిన్నెకు సాయిబుతో పనేముంది?

1980లు, 90లలో మా వైపు పల్లెల్లో పాత బట్టలకు స్టీలు గిన్నెలిచ్చే ఆడవాళ్లు గంపలతో తిరిగారు. చీరలిచ్చి గిన్నెలు, పాంట్లిచ్చి గ్లాసులు తీసుకున్నారు. అటకమీద ఉన్న ఇత్తడి కంసాలి దగ్గరో, పాత సామాను కొట్లోనో తూకానికి పోయింది. దీన్ని విలాపగీతంగా రాయదలచుకోలేదు. ఆ పొగ పీల్చి పీల్చి సాయిబు దగ్గేవాడు. తగరం ధర పెరిగినప్పుడు సీసం కలిపేవాళ్లూ ఆ వృత్తిలో ఉండేవాళ్లు, సీసం విషం. ఇత్తడి బరువు మోసి, తోమి నడుములు విరిగింది ఆడవాళ్లకే. స్టీలు వాళ్లకు కొంత విడుదల. కాని ఒక పొర ఇంకో పొరను నెట్టేసినప్పుడు దానితోపాటు ఒక మనిషి కూడా వీధిలోంచి పోయాడు. మన కథకులు చేనేత గురించి రాశారు, కుమ్మరి గురించి రాశారు. కళాయి పూసేవాడి గురించిన కథ నాకు తెలుగులో తటస్థపడలేదు. నా చదువు తక్కువ కావచ్చు.

పొరల చరిత్ర ఇంకో గొడవలోకీ దింపుతుంది, తప్పించుకోలేను. ఢిల్లీ మెహ్రౌలీలోని ఇనుప స్తంభం గుప్తుల కాలం నాటిది. ఆరు టన్నులకు పైగా బరువు. పదహారు వందల ఏళ్లుగా వానలో నిలబడి తుప్పుకు లొంగలేదు. మా బడిలో ఏళ్ల తరబడి నేను దీన్ని ‘పూర్వులు రహస్య లేపనం పూశారు, ఆ విద్య పోయింది’ అని చెప్పాను. నేను చదువుకున్నప్పుడు నాకలాగే చెప్పారు. కాన్పూరు ఐ.ఐ.టి.లో ఆర్.బాలసుబ్రమణియం 2000లో వివరించింది వేరు. ఎవరూ ఏమీ పూయలేదు. ఆనాటి కొలిమి పద్ధతిలో ఇనుములో భాస్వరం ఎక్కువగా మిగిలిపోయింది. తడిసి ఆరే రుతువుల్లో, తొలి తుప్పు కింద ఆ భాస్వరం పోగై, ఇనుమును అంటిపెట్టుకున్న ఫాస్ఫేటు పొరగా స్థిరపడింది. స్తంభాన్ని కాపాడింది దాని తుప్పే. ఈ సంగతి తెలిశాక నాకు పెద్దవాళ్ల గొప్ప తగ్గలేదు. నేను చెప్పిన పాఠం మాత్రం సిగ్గనిపించింది.

2006లో జర్మనీలోని డ్రెస్డెన్ పరిశోధకులు, పీటర్ పౌఫ్లర్ బృందం, 17వ శతాబ్దపు డమాస్కస్ కత్తి ముక్కను ఆమ్లంలో కరిగించి, మిగిలినదాన్ని ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో చూశారు. కార్బన్ నానో గొట్టాలు కనిపించాయని ‘నేచర్’ పత్రికలో ప్రకటించారు. అలాంటి కత్తులకు మూలం మన వైపు నుంచి వెళ్లిన ఉక్కు. ఇంకేముంది, ‘మన పూర్వులకు నానో విజ్ఞానం తెలుసు’ అన్న ఉపన్యాసాలు మొదలయ్యాయి. ఆ గొట్టాల మీద శాస్త్రజ్ఞుల్లోనే భిన్నాభిప్రాయాలున్నాయన్న సంగతి ఆ ఉపన్యాసాల్లో ఉండదు. ఉన్నాయనే అనుకుందాం. కోనసముద్రం పనివాడికి నానో గొట్టం తెలియదు. తెలుసనడం ఆయన్ని గౌరవించడం కాదు, ఆయనకు నిజంగా తెలిసినదాన్ని తుడిచేయడం. ఏ గని ఇనుము మంచిదో, మూసకు ఏ మట్టి నిలుస్తుందో, ఎంత మెల్లగా చల్లారితే దిమ్మ సాగుతుందో ఆయనకు తెలుసు. అది తరాల శ్రమ. దాన్ని మంత్రంగా మార్చేవాళ్లూ, ‘స్థానిక పనివాళ్లు’ అని ఒక్క మాటలో దాటేసిన దొరలూ నాకు ఎదురెదురుగా కనిపించరు, పక్కపక్కనే కనిపిస్తారు. ఇద్దరికీ ఆ మనిషి అక్కర్లేదు.

హైదరాబాదులో 1971లో నెలకొల్పిన అణుఇంధన కర్మాగారంలో జిర్కోనియం మిశ్రమ గొట్టాలను వేడి ఆవిరిలో ఉంచి వాటిపై పలచటి నల్లపొర కట్టిస్తారు. పొర నల్లగా, గట్టిగా అంటుకుని ఉంటే గొట్టం మంచిది. తెల్లబారితే అనుమానించాలి. ఇంధనం లోపల ఉంటుంది, రియాక్టరు నీళ్లు బయట ఉంటాయి, నీళ్ల తాకిడిని మొదట ఓర్చుకునేది ఆ పొరే. ఈ విషయం చెప్పింది నా పాత విద్యార్థి. అతను పనిచేసే ప్రయోగశాల వేరు. పోయినేడాది వేసవిలో నేను అతని దగ్గరికి మా ఇంట్లో మిగిలిన ఒకే ఒక్క ఇత్తడి గిన్నె తీసుకెళ్లాను. అంచు పగిలి, వాడకం పోయిన గిన్నె. లోపల ఎక్కడో కాస్త తెల్లగా కళాయి మిగిలి ఉంది.

అతను అంచు నుంచి వేలిగోరంత ముక్క కోసి, జిగురులో పోతపోసి, గంటల తరబడి నున్నగా సానపట్టాడు. ఆ సానపట్టే పని చూస్తుంటే ఇదీ ఒక కమ్మరి పనే అనిపించింది. తర్వాత యంత్రంలో పెట్టి తెర మీద చూపించాడు. బరువైన పరమాణువులు ఎక్కువ మెరుస్తాయట. కింద బూడిదరంగు మైదానంలా ఇత్తడి. పైన తెల్లటి పట్టీ తగరం. రెంటి మధ్యా గీతగీసినట్టు ఉంటుందనుకున్నాను. లేదు. మధ్యలో గవ్వల అంచులా వంపులు తిరిగిన ఇంకో పట్టీ ఉంది, ఇటు రంగూ కాదు, అటు రంగూ కాదు. ‘ఇది రాగీ కాదు, తగరమూ కాదు సార్. ఆరు రాగి పరమాణువులకు ఐదు తగరం పరమాణువులు కలిసిన కొత్త పదార్థం. దీని కింద మూడుకొకటి కలిసిన ఇంకో సన్న పొర ఉంటుంది. ఇవి పుడితేనే కళాయి అంటుకున్నట్టు. పూత పైన కూర్చోదు సార్, లోపలికి దిగుతుంది’ అన్నాడు. నా పదకొండు వాక్యాలు గుర్తొచ్చి మాట్లాడలేకపోయాను.

ఆ పట్టీ ఒకచోట సన్నగా, ఒకచోట లావుగా ఉన్నా ఎక్కడా తెగలేదు. తిత్తి ఊది, కంటితో వేడి చూసి, నాలుగైదు క్షణాల్లో తిప్పిన దూది ముద్ద పని అది.

ప్రయోగశాల దస్తరంలో నమూనా వివరాలు రాయాలట. లోహం: ఇత్తడి. పూత: తగరం. ఊరు: మార్కాపురం. ‘తయారుచేసినవారు’ అన్నచోట అతను అలవాటుగా తన పేరు రాసుకున్నాడు, ముక్క కోసి సానపట్టింది తనే కాబట్టి. రాసి, ఒక్క నిమిషం ఆగి, ‘కళాయి పూసినాయన పేరేంటి సార్?’ అని అడిగాడు. నాకు తెలియదన్నాను. బయటికొచ్చి ఇంటికి ఫోన్ చేసి అమ్మను అడిగాను.

‘కళాయి సాయిబు కదరా’ అంది. ‘పేరు మేమెప్పుడు అడిగాం?’